కొలోక్వియం ఉన్న మంగళవారం

ట్యూబింగెన్ (జర్మనీ), మంగళవారం రాత్రి

పొద్దున లేచేసరికి వాట్సాప్‌లో ఒక పొడుగాటి మెసేజ్ ఉంది. హైదరాబాద్‌లో జర్మన్ ఎంఏ చదువుతున్న అమ్మాయి పంపింది. నా నంబర్ వాళ్ళ సీనియర్ ఎవరో ఇచ్చారట. "అక్కా, జర్మన్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. అక్కడ చేరాలంటే ఏమేం కావాలి? జర్మన్ ఎంతవరకూ వచ్చుండాలి? ఇంట్లో అయితే అసలు ఆ చదువు దేనికి అంటున్నారు. వాళ్ళకేం చెప్పాలో కూడా చెప్పు."

మొదటి రెండింటికీ బస్సులో కూర్చునే జవాబు రాశాను. ఇక్కడ ముందు రాయాల్సింది యూనివర్సిటీకి కాదు, ప్రొఫెసర్‌కి. ఎవరి దగ్గర చేయాలనుకుంటున్నావో వాళ్ళు రాసినవి చదువు. నీ విషయం వాళ్ళ పనితో ఎక్కడ కలుస్తుందో చూసుకుని ఒక పేజీకి మించకుండా మెయిల్ పెట్టు. వాళ్ళు ఆసక్తి చూపిస్తే ఎక్స్‌పోజే అడుగుతారు. నీ ప్రశ్న ఏమిటి, దాని మీద ఇంతవరకూ ఎవరేం రాశారు, నువ్వు ఏ పుస్తకాలు, ఏ కాగితాలు చూడబోతున్నావు, ఏ పద్ధతిలో, ఎంతకాలంలో చేస్తావు అన్నదంతా అందులో ఉండాలి. ఎంఏ మార్కులు బాగుండాలి, నిజమే. కానీ నిన్ను తీసుకోవాలా వద్దా అన్నది ఎక్కువగా ఆ కొన్ని పేజీల మీదే తేలుతుంది. దాన్ని ఒక వారంలో రాసేద్దామనుకోకు. నాకు అది రాయడమే ఒక చదువులా గడిచింది.

భాష సంగతి. టెస్ట్‌డాఫ్, డీఎస్‌హెచ్ లాంటి పరీక్షలు అడుగుతారు, అవి పాసవ్వొచ్చు. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. 1870ల నాటి వాక్యాన్ని ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చక్షరాల్లో చదవాలి. ఆ అక్షరాల్లో ఒక రకం 'ఎస్', 'ఎఫ్' రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేతిరాత ఉత్తరాలు చూడాల్సొస్తే కుర్రెంట్ లిపి విడిగా నేర్చుకోవాలి. మధ్యయుగ సాహిత్యం తీసుకుంటే ఆ కాలపు జర్మన్ వేరే భాషంత దూరంగా ఉంటుంది, లాటిన్ కూడా కావాలి. ఇవన్నీ భయపెట్టడానికి రాయలేదు. ఆ లిపి చదవడం వచ్చిన రోజు నాకెంత సంతోషమైందో కూడా అదే మెసేజ్‌లో రాశాను.

ఇండియాలో చేస్తే దారి వేరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్క్ తప్పనిసరి, కనీసం 12 క్రెడిట్లు. మొత్తం కనీసం మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళ లోపు పూర్తిచేయాలి. నెట్ పరీక్ష జర్మన్‌లోనూ ఉంది. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ, ఢిల్లీలో జేఎన్‌యూ ఉన్నాయి. అమెరికాలో అయితే మొదట రెండేళ్ళో ఇంకొంచెం ఎక్కువో క్లాసులు, ఆ తర్వాత పెద్ద పుస్తకాల జాబితా మీద పరీక్ష, అది గట్టెక్కాకే థీసిస్. ఇక్కడ మామూలు పద్ధతిలో చేసేవాళ్ళకి క్లాసులూ ఉండవు, థీసిస్‌కి ముందు పరీక్షలూ ఉండవు. చేతిలో ఒక ప్రశ్న, ఎదురుగా లైబ్రరీ, అంతే. ఆ స్వేచ్ఛ కొందరికి సరిపడదు. నాకు మొదటి చలికాలం చాలా టెన్షన్‌గా గడిచింది. ఏ రోజు పని అయినట్టో, ఏ రోజు కానట్టో చెప్పేవాళ్ళుండరు.

మూడో ప్రశ్నకి "సాయంత్రం రాస్తాను" అని పెట్టి బస్సు దిగాను.

బ్రెష్ట్‌బౌ అని మేం పిలిచే భాషల భవనం ఉదయంపూట ఖాళీగా ఉంటుంది. బయటి నుంచి చూస్తే అందమేమీ లేని కాంక్రీటు కట్టడం, నాకు మాత్రం ఎంతో ఇష్టం. మధ్యాహ్నం కొలోక్వియం, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళం ఒకరి పని మీద ఒకరం చర్చించుకునే సమావేశం. ఇవాళ నా థీసిస్ మూడో అధ్యాయం మీద చర్చ. పేజీలు పోయిన వారమే అందరికీ పంపేశాను కాబట్టి ఇవాళ కొత్తగా రాసేదేమీ లేదు. అయినా మళ్ళీ ఒకసారి 'డీ గార్టెన్‌లౌబె' 1874 సంపుటం తెరిచాను.

నా పని ఈ పత్రిక మీదే. 1853లో లైప్‌జిగ్‌లో ఎర్న్‌స్ట్ కైల్ మొదలుపెట్టిన వారపత్రిక ఇది. మొదట్లో 5,000 ప్రతులు వేసేవాడు. 1875 నాటికి అది 3,82,000కి చేరింది. ఆ కాలపు యూరప్‌లో అది మామూలు సంఖ్య కాదు. ఒక్కో ప్రతీ ఇంటిల్లిపాదీ చదివేవాళ్ళు, పక్కింటికి కూడా వెళ్ళేది. ఆ పెరుగుదలకి ఒక పెద్ద కారణం ఓయ్‌గేనీ యోన్ అనే స్త్రీ. ఇ. మార్లిట్ అన్న కలం పేరుతో సీరియల్ నవలలు రాసింది. 1825లో ఆర్న్‌ష్టాట్‌లో పుట్టింది. పాటగత్తె కావాలని వియన్నా వెళ్ళి సంగీతం నేర్చుకుని స్టేజీ ఎక్కింది. వినికిడి దెబ్బతిని ఆ దారి మూసుకుపోయింది. ఒక రాకుమారి దగ్గర కొలువు చేసి, నలభై ఏళ్ళు నిండే వేళకి సొంత ఊళ్ళో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. 1866లో మొదటి సీరియల్ నవల వచ్చింది. ఆ తర్వాత రాతల మీద వచ్చిన డబ్బుతో ఆ ఊళ్ళోనే ఒక భవనం కట్టించుకుంది.

జర్మన్ సాహిత్య చరిత్రలు చాలాకాలం ఆమెని ఒక వాక్యంలో దాటేశాయి. కాలక్షేపం రాతలు, ఆడవాళ్ళ కన్నీళ్ళు అన్నారు. ఆమె మీద పరిశోధన నిలదొక్కుకున్నది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు మా తెనాలి ఇల్లు గుర్తొస్తుంది. అమ్మమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి పెట్టుకునేది. అరవైల్లో, డెబ్బైల్లో మన రచయిత్రుల సీరియల్స్ అలా ఇంటింటా పుస్తకాలయ్యాయి. వాటినీ మన విమర్శకుల్లో చాలామంది ఇలాగే తీసిపారేశారు. చదివినవాళ్ళు లక్షల్లో ఉన్నా, వాళ్ళు ఎలా చదివారో ఎవరూ అడగలేదు. జర్మన్‌లో నేను అడుగుతున్నది అదే. వారం వారం ఆగి ఆగి చదివిన కథా, ఒకేసారి పుస్తకంగా చదివిన కథా ఒకటేనా? భాగం తెగిన చోటు కథ అర్థాన్ని మార్చిందా?

ఈ ప్రశ్న దగ్గరికి చేరడానికి చాలా తిరిగాను. ఇండియా నుంచి వచ్చావు కదా అని ఇక్కడ అందరూ ముందు 'సిద్ధార్థ' రాసిన హెర్మాన్ హెస్సె పేరే ఎత్తుతారు. ఆయన ఈ ఊళ్ళోనే 1895 నుంచి 1899 దాకా హెకెన్‌హౌయర్ పుస్తకాల షాపులో పనిచేశాడు, షాపు ముందు నుంచే రోజూ వెళ్తాం. ఆయన తాతగారు, అంటే అమ్మ వాళ్ళ నాన్న, హెర్మాన్ గుండెర్ట్ మలయాళ నిఘంటువు చేసినాయన. గుండెర్ట్ డాక్టరేట్ కూడా ఈ యూనివర్సిటీదే. కేరళ వైపు వెళ్ళకముందు మన చిత్తూరులో కొన్నాళ్ళున్నాడు. ఇది తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అయినా అది నా పని కాదు. మార్లిట్ 1874లో రాసిన 'డీ ట్స్వైటె ఫ్రౌ' (రెండో భార్య) నవలలో కూడా ఇండియా నుంచి తీసుకొచ్చిన ఒక నర్తకి పాత్ర ఉంది. దాని మీదే రాయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆ పాత్రకి నా థీసిస్‌లో చోటుంది, కానీ ఆమె చుట్టూ థీసిస్ తిరగదు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు తమ దేశం గురించే అడగాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ ఆశ మాత్రం అందరిలో ఉంటుంది. దానికి మర్యాదగా, గట్టిగా వద్దు అని చెప్పగలగడం కూడా ఈ చదువుకి కావాల్సిన వాటిలో ఒకటని ఆ అమ్మాయికి రాయాలి.

మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్ మెన్సాలో పప్పుధాన్యాల సూప్. నాతో తిన్న స్నేహితుడు పుస్తక ప్రచురణకర్త కోట్టా ఉత్తరాల మీద చేస్తున్నాడు. ఆ కాగితాలన్నీ మార్బాఖ్‌లోని సాహిత్య ఆర్కైవ్‌లో ఉన్నాయి. కవి, నాటకకర్త షిల్లర్ పుట్టిన ఊరది. అక్కడ పెన్ను బయటే వదిలేసి పెన్సిల్‌తో రాసుకోవాలి. ఇక ఈ నెలంతా అక్కడే ఉంటాడట. తిండి కంటే ఎక్కువసేపు స్కాలర్‌షిప్పుల గురించే మాట్లాడుకున్నాం. విదేశీ విద్యార్థులకి సాయం చేసే జర్మన్ సంస్థ డాడ్ (DAAD) ఇచ్చేది ఒకటి, రాజకీయ పార్టీలకి దగ్గరగా ఉండే ఫౌండేషన్లు ఇచ్చేవి కొన్ని, డిపార్ట్‌మెంట్‌లో సగం ఉద్యోగం ఒకటి. అతనిది అయిపోవస్తోంది, థీసిస్ ఇంకా ఉంది. ఇక్కడ చాలామంది కథ ఇదే.

కొలోక్వియం రెండున్నర గంటలు సాగింది. బల్ల చుట్టూ మేమంతా, చివర మా ప్రొఫెసర్. ముందు నేను పది నిమిషాలు చెప్పాను. 'డీ ట్స్వైటె ఫ్రౌ'లో లియానె ఒక బారన్‌కి రెండో భార్యగా వెళ్తుంది. మొదటి భార్య కొడుకుని పెంచడానికి అతనికి ఒక ఆడమనిషి కావాలి, ప్రేమ ప్రసక్తి లేదు. ఆ ఇంట్లో ఆమె మౌనంగా ఉన్న భాగాలు పత్రికలో వారాల పాటు సాగాయి. పుస్తకంలో అయితే అవి ఒక సాయంత్రంలో అయిపోతాయి. అందుకే పత్రిక పాఠకులకి లియానె ఓర్పు గలదానిలా కంటే, నిర్ణయం వాయిదా వేస్తున్న మనిషిలా కనిపించి ఉంటుందని నా వాదన.

"కనిపించి ఉంటుంది" అన్న దగ్గరే అందరూ ఆగారు. మధ్యయుగం మీద పనిచేసే అమ్మాయి అడిగింది: "ఎవరికి? ఆ పాఠకులు ఎక్కడ మాట్లాడారు?" ప్రతుల సంఖ్య చెప్పాను. అది కొన్నవాళ్ళ లెక్కే కానీ చదివినవాళ్ళ మాట కాదంది. ప్యూక్లర్ అనే ప్రభువు ఉత్తరాల సంగతి చెప్పాను. ఎనభై దాటిన ఆ పెద్దమనిషి మార్లిట్‌కి అభిమానంతో 1868లో ఉత్తరాలు రాశాడు, అవి అచ్చులో ఉన్నాయి. అది ఈ నవలకి ముందు సంగతి, పైగా ఆయన ఒక ప్రభువు, మీ అమ్మమ్మ లాంటి పాఠకురాలు కాదంది. ఆ మాట నాకు నచ్చింది. పోయినసారి అమ్మమ్మ గురించి చెప్పింది ఆమెకి గుర్తుంది. మా ప్రొఫెసర్ నెమ్మదిగా అన్నారు: వాదన వదలక్కర్లేదు, కానీ పాఠకుల చేతిరాతో, వాళ్ళ మాటో ఒక్కటైనా చూపించాలి, లేకపోతే డిస్పుటాట్సియోన్‌లో, అంటే థీసిస్‌ని సమర్థించుకోవాల్సిన చివరి మౌఖిక పరీక్షలో, ఇదే ప్రశ్న మళ్ళీ వస్తుంది అని.

ఇక్కడ పొగడ్తలుండవు. మొదట్లో కష్టంగా అనిపించేది. ఇప్పుడు ఇదే నాకు ఈ చదువులో అన్నిటికంటే విలువైన భాగం. మన పేజీల్ని అంత శ్రద్ధగా చదివి, ఎక్కడ నేల గట్టిగా లేదో వేలు పెట్టి చూపించేవాళ్ళు జీవితంలో ఎంతమంది దొరుకుతారు?

లైబ్రరీకి తిరిగొచ్చి కూర్చున్నాక హైదరాబాద్ అమ్మాయికి మిగిలింది రాశాను. ఉద్యోగం కోసమే అయితే ఇంట్లో వాళ్ళ భయం నిజమేనని ముందు చెప్పాను. జర్మనీలో శాశ్వత పోస్టులు తక్కువ. యూనివర్సిటీల్లో తాత్కాలిక ఒప్పందాలకి చట్టం డాక్టరేట్‌కి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు అని హద్దు పెట్టింది. 2021లో 'ఇష్ బిన్ హన్నా' (నేనే హన్నాని) అన్న నినాదంతో పరిశోధకులు గొంతెత్తింది దీని మీదే. మన దగ్గర జర్మన్ డిపార్ట్‌మెంట్లే కొన్ని.

మరి దేనికంటే: ఇంతవరకూ ఎవరూ చూపించని ఒక చిన్న సంగతిని, అనుమానించే హక్కు ఉన్నవాళ్ళ ఎదుట ఆధారంతో నిలబెట్టడానికి. మిగతా నియమాలన్నీ దానికోసం పెట్టినవే. థీసిస్ మీద ఇద్దరైనా రిపోర్టులు రాస్తారు, ఫ్యాకల్టీలో ఎవరైనా చూడొచ్చు, ఎదుట కూర్చోబెట్టి అడుగుతారు. పాసయ్యాక కూడా థీసిస్ ప్రచురించేదాకా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోనివ్వరు. ఈ చివరి నియమం ఖర్చుతో కూడుకున్నదని చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం దాని మీద గౌరవం. ఎవరో ఎప్పుడో మార్లిట్ మీద చేసిన థీసిస్‌ని ఇవాళ నేను వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించుకుని చదువుతున్నానంటే ఆ నియమం వల్లే. రేపు తెనాలి నుంచో తంజావూరు నుంచో ఇంకెవరో నాది తెప్పించుకుని, తప్పుంటే తప్పని రాయగలగాలి.

"మరి నేనేం ప్రశ్న తీసుకోవాలి అక్కా?" అని వెంటనే జవాబొచ్చింది. అది నేను చెప్పకూడదు. నాలుగైదేళ్ళు రోజూ చూసినా విసుగురాని రచయిత ఎవరో ముందు తేల్చుకోమన్నాను.

తర్వాత 1874 సంపుటంలో కథ పేజీలు వదిలేసి వెనక పేజీలకి వెళ్ళాను. గార్టెన్‌లౌబెలో పాఠకులకి సంపాదకులు జవాబులిచ్చే ఒక చిన్న శీర్షిక ఉంది. అందులో పాఠకుల ఉత్తరాలు అచ్చువేయరు, జవాబులే వేస్తారు. పేరు బదులు పొడి అక్షరాలు, పక్కన ఊరు. ఏం అడిగారో జవాబుని బట్టి ఊహించుకోవాలి. ఇంతకాలం ఈ పేజీలు తిప్పేసి వెళ్ళేదాన్ని కాదు, చదివాను కానీ సీరియల్‌తో పక్కపక్కన పెట్టి చూడలేదు. కథ ఏ భాగం దగ్గరున్న వారంలో ఎలాంటి జవాబులు వచ్చాయో వరసగా చూస్తే, కొలోక్వియంలో ఆ అమ్మాయి అడిగిన పాఠకులు అక్కడ దొరకొచ్చు. దొరక్కపోతే ఆ వాదనని కుదించి రాయాలి, ప్రొఫెసర్ అన్నట్టు వదలక్కర్లేదు.

ఒక పట్టిక గీశాను. సంచిక సంఖ్య, ఊరు, పొడి అక్షరాలు, జవాబు సారాంశం, ఆ వారం సీరియల్ ఎక్కడ ఆగింది. లైబ్రరీ మూసేలోపు మొదటి కొన్ని సంచికలే అయ్యాయి. వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా ఎవరెవరో టైప్ చేసి పెట్టిన గార్టెన్‌లౌబె పేజీలున్నాయి, వెతకడానికి అవి సాయం చేస్తాయి. కానీ చివరి పేజీలకి స్కాన్‌లే నమ్మకం. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్ళి జనవరి సంచికల నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. 1873ది, 1875ది కూడా తీసిపెట్టమని కౌంటర్‌లో అడిగి వచ్చాను.