స్కూల్ కౌన్సిలర్‌గా నిలబడాలంటే ముందు ఓటరు జాబితా పట్టండి

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘం ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు దాటింది. తెలుగు కుర్రాళ్లకు బ్యాలెట్ పేపర్ మీద సొంత పేరు చూసుకునే అవకాశం ఎక్కువగా గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఢిల్లీ జేఎన్‌యూలోనో దొరుకుతుంది. అందరి కళ్లూ ప్రెసిడెంట్ ప్యానెల్ మీదే ఉంటాయి గానీ, మొదటిసారి నిలబడేవాళ్లకు స్కూల్ కౌన్సిలర్ పదవే సరైనది. స్కూల్ అంటే ఇక్కడ బడి కాదు, యూనివర్సిటీలో కొన్ని డిపార్ట్‌మెంట్లు కలిసిన విభాగం; దాని తరఫున విద్యార్థి సంఘంలో కూర్చునేవాడే కౌన్సిలర్. ఓటేసేది ఆ స్కూల్ విద్యార్థులే కాబట్టి అందరినీ స్వయంగా కలవొచ్చు.

ప్రచారం సంగతి తర్వాత. మాటకారితనం లేక ఓడినవాళ్ల కంటే కాగితం సరిగ్గా లేక స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో, ఎగిరిపోయినవాళ్లను చూస్తేనే జాలేస్తుంది. విద్యార్థి ఎన్నికల కోసం లింగ్డో కమిటీ సూచించిన నియమాలను సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం వయసు డిగ్రీవాళ్లకు 17 నుంచి 22, పీజీవాళ్లకు 24-25 వరకు, రీసెర్చ్‌వాళ్లకు 28 వరకు. హాజరు 75 శాతం, లేదా యూనివర్సిటీ పెట్టిన శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. నిలబడే ఏడాది బ్యాక్‌లాగ్ ఉండకూడదు. క్రమశిక్షణ చర్య ఎదుర్కొని ఉన్నా కుదరదు. ప్రెసిడెంట్, సెక్రటరీ లాంటి ఆఫీస్ బేరర్ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ చేయొచ్చు, కార్యవర్గ సభ్యుడి పదవికైతే రెండుసార్లు. ప్రెసిడెంట్ కావాలన్న కోరిక ఉన్నవాళ్లు ఆ ఒక్క అవకాశాన్ని తొందరపడి జాయింట్ సెక్రటరీ పోస్టుకు ఖర్చు పెట్టకండి.

నామినేషన్ల నుంచి ఫలితాల దాకా మొత్తం పది రోజుల్లో ముగిసిపోవాలి. అందుకే నోటిఫికేషన్ వచ్చాక హాజరు సర్టిఫికెట్ కోసం తిరిగితే అప్పటికే ఆలస్యం. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో క్లర్క్ సెలవులో ఉంటాడు, హెడ్ ఊళ్లో ఉండరు. ముందే అడిగి పెట్టుకోండి. ఫారంలో పేరు, రోల్ నంబరు ఐడీ కార్డులో ఉన్నట్టే, ఇంటిపేరు పొట్టి అక్షరాలతో సహా, రాయాలి. మీ పేరు ప్రతిపాదించే ప్రపోజర్, బలపరిచే సెకండర్ ఓటరు జాబితాలో ఉన్నారో లేదో సంతకానికి ముందే చూడండి. కొత్తగా చేరినవాళ్ల పేర్లు మొదటి జాబితాలో తప్పిపోవడం మామూలే. ఆ పేర్లు సవరణ గడువులోపు చేర్పించారా, ఆ ఓట్లలో సగం మీవే అనుకోవచ్చు.

జాబితా చేతికొచ్చాక దాన్ని డిపార్ట్‌మెంట్, కోర్సు, హాస్టల్ వారీగా విడదీసి, ప్రతి పేరు పక్కన ఎవరు మాట్లాడాలో రాసుకోండి. హాస్టల్ వాళ్లు రాత్రి భోజనాలయ్యాక గదుల్లో దొరుకుతారు. ల్యాబ్ స్కాలర్లు సాయంత్రం టీ వేళకు తప్ప కనిపించరు. అందరూ మర్చిపోయేది ఇంటి నుంచి వచ్చిపోయే డే స్కాలర్లను. వాళ్లు ఆఖరి క్లాసు అవగానే బస్సెక్కేస్తారు, పోలింగ్ రోజు క్లాసు లేకపోతే అసలు రారు. వాళ్లకు ముందురోజే ఫోన్ చేయాలి. ఇంకో మాట: మన భాషవాళ్ల గదుల్లోనే కూర్చుని గెలుస్తున్నామనుకునే జబ్బు మనకు బాగా ఉంది. మలయాళీ, ఒడియా, బెంగాలీ పిల్లల ఓట్లూ అంతే బరువు.

ఖర్చు పరిమితి ఒక్కో అభ్యర్థికి 5,000 రూపాయలు. ప్రింటు పోస్టర్లు, కరపత్రాలు నిషేధం. చేత్తో రాసినవి మాత్రమే, అవీ అధికారులు చూపించిన చోట్లే అంటించాలి. పోస్టరు మీద పేరు, పోస్టు, ఒక్క డిమాండు చాలు. అందులోనూ రీడింగ్ రూమ్ వేళలు, ఫెలోషిప్ ఆలస్యం లాంటివి రాయండి, సామ్రాజ్యవాదం సంగతి ప్రెసిడెంట్ అభ్యర్థులు చూసుకుంటారు. మైకులు, వాహనాలు వాడకూడదు. పోలింగ్ రోజు మంచినీళ్లు తప్ప ఏదీ పంచకూడదు. మీ తరఫున ఎవరో సమోసాలు తెచ్చినా ఫిర్యాదు మీ మీదికే వస్తుంది.

కౌంటింగ్‌కు మాటల మనిషిని కాదు, నిద్ర ఆపుకోగల మనిషిని ఏజెంటుగా పెట్టండి. తెల్లవారుజామున కళ్లు మూతలు పడే వేళకే అనుమానపు ఓట్ల తగువు మొదలవుతుంది. రెండు పేర్లకు ఎదురుగా గుర్తున్నవీ, గీత మీద పడ్డవీ కనిపించగానే అభ్యంతరం చెప్పాలి. కట్ట కట్టాక అడిగితే ఎవరూ వినరు. ఓట్లు పదుల్లో తేడా ఉండే కౌన్సిలర్ పోటీలో ఇదే ఫలితాన్ని తిప్పేస్తుంది. ఫిర్యాదుల విభాగానికి వెళ్లడానికి ఫలితాల తర్వాత మూడు వారాల గడువుంది గానీ, అప్పటికప్పుడు రాతపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరం లేకపోతే ఆ ఫిర్యాదుకు బలం ఉండదు.

పోలింగ్ ముగిసిన 48 గంటల్లో ఆ పరిసరాలు శుభ్రం చేయాల్సింది అభ్యర్థులే. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లోపు ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వాలి, లేకపోతే ఎన్నికే రద్దవుతుంది. చార్టులు, స్కెచ్ పెన్నులు కొన్న రోజే బిల్లు అడిగి తీసుకోండి. నెల తర్వాత వెళితే స్టేషనరీ కొట్టతను పాత తేదీ వేసి ఇవ్వడు.