జింకను చూడ్డానికి ఒకరు, తోలడానికి ఒకరు

మా బ్యాంకులో ఎల్టీసీ (ఉద్యోగులకు సెలవు ప్రయాణానికిచ్చే డబ్బు) అనగానే అందరూ ఊటీ, మనాలి, అండమాన్ అంటారు. నేను నేషనల్ పార్కులంటాను. మొదట్లో మా ఆయన ఇదేం పిచ్చి అని విసుక్కునేవాడు. ఇప్పుడు బైనాక్యులర్ నా చేతికివ్వమంటే ఇవ్వడు. కాన్హా, రణథంబోర్ చూశాం. కర్నూలుకు తిరిగొచ్చాక ఎవరు ఎదురైనా ఒకటే మాట: "పులి కనబడిందా?" లేదన్నామంటే డబ్బులన్నీ దండగ చేసొచ్చారే అన్నట్టు ఒక చూపు. ఆ ప్రశ్నతో విసిగిపోయి, పోయిన చలికాలం అసలు పులే లేని పార్కు వెతుక్కున్నాను. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర వెలావదర్. కృష్ణజింకల కోసం 1976లో పెట్టిన పార్కు.

మా తమ్ముడికి ఫోన్లో చెప్తే నవ్వాడు. "జింకల కోసం గుజరాత్ దాకా యాల పోవడం అక్కా? మన చేనికి రా, టికెట్టు లేకుండా చూపిస్తా" అన్నాడు. వాడిది మిడుతూరు వైపు సేద్యం. ఎగతాళికి అన్నా ఆ మాటలో అబద్ధం లేదు.

వెలావదర్ పెద్దదేం కాదు, ముప్పై నాలుగు చదరపు కిలోమీటర్లు. కొండల్లేవు, జలపాతాల్లేవు, చెప్పుకోదగ్గ చెట్లూ లేవు. ఎటు చూసినా గడ్డే. వానలు వెళ్లిపోయాక అది ఎండి, పొద్దున ఎండ పడితే బంగారు రంగుకు తిరుగుతుంది. జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు కాబట్టి డిసెంబరు, జనవరి మంచి కాలం. గైడును ఎక్కించుకుని బండిలో తిరగాలి, ఇష్టమొచ్చిన చోట దిగకూడదు. దిగనివ్వరని మా ఆయన కాసేపు గొణిగాడు గానీ, బండి ఆపి ఇంజిన్ కట్టేయించుకుని ఒకే చోట కూర్చుంటే ఎంత కనిపిస్తుందో అక్కడే తెలిసింది.

ఒక మగ జింక మా బండికి బాగా దగ్గరలో నిలబడింది. వీపు, మెడ నల్లగా నిగనిగలాడుతున్నాయి, పొట్ట సున్నం వేసినంత తెలుపు. కొమ్ములు మరమేకుల్లా మెలికలు తిరిగి పైకి లేచాయి. పేడ వేసుకున్న ఒక జానెడు జాగా ఉంది దానికి. అక్కడికే వస్తుంది, వాసన చూస్తుంది, మళ్లీ అక్కడే వేస్తుంది. అది దాని సరిహద్దు రాయి. తర్వాత ఒక గడ్డిపోచ దగ్గరికి పోయి, కంటి కింద ఉండే గాడిలోకి ఆ పోచ కొన మెల్లగా దిగేలా తల వంచింది. ఆ గాడిలో ఒక గ్రంథి ఉంటుంది, దాని వాసన పోచకు అంటుతుంది. కంట్లో పుల్ల గుచ్చుకుంటుందేమోనని నాకు టెన్షన్, దానికి మాత్రం అది రోజూ చేసే పని. ఇంకో మగది అటుగా వచ్చేసరికి చెవులు వాల్చి, మూతి ఆకాశానికెత్తి, మెడ బిగించి నడిచింది. ఊర్లో పెద్దమనిషి పంచాయితీకి వచ్చినట్టే. కొట్లాట జరగలేదు, రెండోది పక్కకు తప్పుకుంది.

సాయంత్రం పిల్లిగద్దలు దిగాయి. హారియర్ అంటారు వీటిని. మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి వస్తాయి. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ మిడతలనూ ఎలుకలనూ పట్టుకు తింటాయి. పొద్దుగూకే వేళకు వందలకొద్దీ వచ్చి గడ్డిలోనే, నేల మీదే పడుకుంటాయి. గద్ద అంటే చెట్టుకొమ్మ మీద ఉండాలనుకునే నాకు ఇది వింత. ఒక్కొక్కటే గాల్లో చుట్టు తిరిగి, ఎక్కడా నచ్చనట్టు లేచి, మళ్లీ దిగుతుంటే చీకటి పడేదాకా కూర్చున్నాం.

తిరిగొచ్చాక రోళ్లపాడు వెళ్లాం. 2022లో నంద్యాల జిల్లా కిందికి పోయింది గానీ, మా నోటికి అది ఇంకా కర్నూలు జిల్లానే. ఇది నేషనల్ పార్కు కాదు, అభయారణ్యం. చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువులను మేపడమే కుదరదు, అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతిస్తే కుదురుతుంది. అంత తేడా ఉంది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, వెలావదర్‌లో ఐదో వంతు కూడా లేదు. అదే గడ్డి, అవే జింకలు, చలికాలంలో అవే పిల్లిగద్దలు. వాచ్ టవర్ ఎక్కితే మందలు మందలుగా కనిపిస్తాయి. ఒకటి ఎగిరిందంటే వెనకున్నవన్నీ వరసగా అదే చోట ఎగురుతాయి, అక్కడ దాటాల్సిన గట్టు లేకపోయినా సరే.

కానీ 1988లో దీన్ని అభయారణ్యం చేసింది జింకల కోసం కాదు, బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు, నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టే పక్షి. మా నాయన చూశానంటాడు. "జొన్నచేలో తలకాయ పైకి పెట్టి, కాలు తొందర లేకుండా నడిచేది" అంటాడు. ఇప్పుడు రోళ్లపాడులో దాని బొమ్మే చూడాలి. దేశం మొత్తం మీద నూటయాభై లోపే మిగిలాయని అంచనా, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. దీనికి ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, ఎగురుతూ పోయి కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతుంది. మా వైపు చూస్తే బీళ్లు తగ్గాయి, కాలవ నీళ్లొచ్చాక పంటల తీరు మారింది. కంచె లోపల గడ్డి పెంచితే చాలదు, ఆ పిట్టకు కంచె బయట పొలాలూ కావాలి. జింకకు అలా కాదు. గడ్డి ఉంటే గడ్డి, లేకపోతే శనగ.

అక్కడే మా తమ్ముడితో నా లెక్క కుదరదు. అక్టోబరులో వేసిన శనగ మొలకెత్తి నాలుగాకులు తొడిగేసరికి మంద వచ్చేస్తుంది. వాడు చేను చుట్టూ కట్టెలు పాతి మా అమ్మ పాత చీరలు కట్టాడు. ఆకుపచ్చ వెంకటగిరి చీర, నా పెళ్లికి అమ్మ కట్టుకున్నది, ఎండకు వెలిసి తూర్పు గట్టున వేలాడుతోంది. అంచు జరీ మాత్రం ఇంకా మెరుస్తోంది. మొదటి వారం జింకలు బెదిరాయట, తర్వాత కిందనుంచి దూరడం నేర్చుకున్నాయట. రాత్రిళ్లు టార్చి పట్టుకుని, డబ్బా కొట్టుకుంటూ కావలి. కొట్టడానికి లేదు, పట్టడానికి లేదు, వన్యప్రాణి రక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది, పైగా రాష్ట్ర జంతువు.

"నువ్వు చూసి ఫొటో తీసుకుని పోతావు. నేను నిద్ర కాస్తా ఉండా" అన్నాడు. నేను మిడతలను తినే పిల్లిగద్దల గురించి చెప్పబోయాను. "వాటిని రమ్మను, జింకలను పొమ్మను" అన్నాడు.

జింకల అందం వెలావదర్‌లో ఎంతో ఇక్కడా అంతే. కాకపోతే వెలావదర్‌లో నేను బయటిదాన్ని, టికెట్టు కొని చూసి వచ్చేశాను. ఇక్కడ అది తిన్నది మా ఇంటి పంట. పార్కుకు వెళ్లేవాళ్ల డబ్బులో కొంచెమైనా ఇలా చేను చుట్టూ చీరలు కట్టే రైతులకు చేరాలని నాకనిపిస్తుంది. ఊర్లో ఒక రాత్రి ఉండే ఏర్పాటు, గైడుగా ఊరి పిల్లలు, అంతకన్నా పెద్దది అడగట్లేదు. మా తమ్ముడు మాత్రం ముందు గట్టి కంచె వేయించండి, తర్వాత టూరిజం మాట్లాడండి అంటాడు.

రోళ్లపాడు వెళ్లాలనుకునేవాళ్లకు: కర్నూలు నుంచి నందికొట్కూరు, అక్కణ్ణుంచి మిడుతూరు మీదుగా దారి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తెల్లవారుజామున ఒకసారి, గద్దల కోసం సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం వెళ్తే ఎండ తప్ప ఏమీ ఉండదు. తిండి, నీళ్లు నందికొట్కూరులోనే కొనుక్కోండి. మట్టిరంగు బట్టలు వేసుకోండి. ఫొటో కోసం శనగచేలో దిగొద్దు, అక్కడ జింకలు తొక్కింది చాలు. గట్టు మీద ఎవరైనా టార్చి పట్టుకుని కూర్చునుంటే పలకరించండి, మందలు ఎటు దిగాయో వాళ్లకే బాగా తెలుసు.