రంగు దిగిన చొక్కా, దిగిరాని మేనేజరు: నా అనుభవం

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. 2,799 రూపాయలు నా కార్డులోకి వెనక్కి పడ్డాయి. ఒక్క చొక్కా డబ్బు. దానికోసం నేను పడ్డ పాట్లు చూసి "పోతే పోయింది, వదిలేయరాదూ" అంది మా ఆవిడ. ఆఫీసులో కూడా అందరిదీ అదే మాట. అలా వదిలేసేవాళ్ళున్నంత కాలం ఆ షోరూముకి ఏ లోటూ ఉండదు. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది చీరాల. ఉద్యోగం కోసం వచ్చి చెన్నైలో చూళైమేడులో ఉంటున్నాం. మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, గుడ్డ చేత్తో పట్టుకుని చూడందే కొనను. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని ఒక గళ్ళ గుడ్డ ఉండేది. మా ఊరి మగ్గాల మీద నేసి పడమటి ఆఫ్రికాకు, ముఖ్యంగా నైజీరియాకు పంపేవారు. పేరేమో మద్రాసుకి, నడుం నొప్పులు మావాళ్ళకి. సరే, అది వేరే గొడవ.

నేను కొనేవి కొన్నే. పంచెలంటే రామ్‌రాజ్. 1983లో తిరుప్పూర్‌లో మొదలైన కంపెనీ. ఎన్ని ఉతుకులైనా అంచు మెలితిరగదు, గంజి పెడితే నిలబడుతుంది, నాకు అది చాలు. దుప్పట్లు, లుంగీలు, మా ఆవిడ నూలు చీరలు అన్నీ ఎగ్మూర్ పాంథియన్ రోడ్డులోని కో-ఆప్టెక్స్‌లోనే. 1935 నాటి చేనేత సహకార సంఘం అది. అక్కడ కొన్ని చీరలకి నేసినవాళ్ళ పేరు, ఫోటోతో కార్డు పెడతారు. నేసిన మనిషి ముఖం చూపించి అమ్మే ధైర్యం ఈ మాల్ బ్రాండ్లలో ఎన్నింటికి ఉంది? జీన్స్ మాత్రం లెవైస్. 1873లో పేటెంటు తీసుకున్న రాగి రివెట్లు ఇప్పటికీ జేబు మూలల్లో ఉంటాయి. వాటికంటే నాకు నచ్చేది, ముదురు రంగు జీన్స్ లోపల 'రంగు అంటుకోవచ్చు' అని వాళ్ళే రాసి పెట్టడం. చెప్పి అమ్మితే నాకే పేచీ లేదు.

ఇక చొక్కాలకి నా లెక్క ఒకటుంది. జేబు దగ్గర గళ్ళు కలవాలి, లోపలి కుట్టు మడిచి కుట్టి ఉండాలి, అదనపు బొత్తాం ఉండాలి, కాలర్ నలిపి వదిలితే మళ్ళీ లేవాలి. ఇవన్నీ చూసుకున్నాకే ఒక పేరున్న బ్రాండ్ షోరూములో ముదురు నీలం చొక్కా కొన్నాను. పేరు రాయను. నూరు శాతం కాటన్ అని లేబుల్ మీద ఉంది. రంగు దిగుతుందన్న మాట ఎక్కడా లేదు. బిల్లు తీసుకున్నాను, కార్డుతో కట్టాను, ఇంటికొచ్చి బిల్లు ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆ బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకే మాయమవుతాయి కాబట్టి మీరూ ఈ పని చేయండి.

వడపళని మురుగన్ గుడిలో స్నేహితుడి కూతురి పెళ్ళికి ఆ చొక్కా, కొత్త తెల్ల పంచె కట్టుకుని వెళ్ళాను. చెన్నై ఉక్కపోత తెలిసిందే. భోజనాలకి లేచేసరికి నడుం చుట్టూ పంచె నీలమైపోయింది. బనియనూ అంతే. చొక్కా మీద చుక్క నీళ్ళు పడలేదు, ఉత్త చెమట. పెళ్ళివారి తువ్వాలు నడుముకి చుట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చాను.

అసలు కథ షోరూములో.

చొక్కా, పంచె, బిల్లు పట్టుకుని ఆదివారం సాయంత్రం వెళ్ళాను. ఆదివారం వెళ్ళకండి, వాళ్ళకి మనతో మాట్లాడే ఓపికుండదు. లేదు, ఆదివారమే వెళ్ళండి, మనం మాట్లాడితే వినడానికి జనం ఉంటారు. కౌంటర్ దగ్గర కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు, "ఒక్క నిమిషం అన్నా" అని మేనేజర్ని పిలిచాడు. ఆయన వచ్చి, బిల్లింగ్ కోసం నిలబడ్డవాళ్ళందరి ముందు నా చొక్కాని కౌంటర్ మీద పరిచి, కాలర్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "వాడిన చొక్కా సార్ ఇది" అన్నాడు. వాడకుండా రంగు దిగుతుందని నాకెలా తెలుస్తుంది?

తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. వాషింగ్ మెషీన్ ఏ మోడలు? ఏ సబ్బు పొడి? మీ ఇంటికి మెట్రో వాటర్ వస్తుందా, లారీ నీళ్ళా, బోరా? చెన్నైలో మనిషి అంతస్తు తెలుసుకోవడానికి ఇంతకంటే సూటి ప్రశ్న లేదు. లైన్లో ఉన్న ఒకావిడ నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసింది. "ఉతకనే లేదండీ" అన్నాను. "మొదటిసారి ఉప్పు నీళ్ళలో నానబెట్టారా?" అన్నాడు. ఉతకలేదంటుంటే నానబెట్టావా అంటాడు. రెండువేల ఎనిమిది వందలు పెట్టి కొన్నదాన్ని నేను ఉప్పులో ఊరేయాలా, అదేమన్నా మాగాయా? పైగా గుడ్డకి రంగు వేసేటప్పుడు ఉప్పు మిల్లువాడికి పనికొస్తుంది కానీ, అద్దకం అయిపోయాక మన బకెట్లో వేస్తే రంగు గట్టిపడదు.

అప్పుడు పంచెని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇది మా దగ్గర కొన్నది కాదు, దీనికీ మాకూ సంబంధం లేదు. ఈ వేష్టి ఒరిజినలేనా?" అన్నాడు. మరక దానిమీద ఉంది కాబట్టి తప్పు దానిదేనట. చివరికి, "సార్, ఇది ప్రీమియం గార్మెంట్. రంగు కొంచెం రిలీజ్ అవడం దీని నేచర్" అని తేల్చాడు.

ఈ మాట ఈ ఊళ్ళో అనాల్సింది కాదు. ఎందుకంటే రంగు దిగడాన్నే గొప్పగా చెప్పుకుని ప్రపంచానికి అమ్మిన గుడ్డ ఈ ఊరి పేరుతోనే ఉంది. 1958లో కృష్ణన్ నాయర్ దగ్గర, అదే తరువాత లీలా హోటళ్ళు పెట్టినాయన, ఒక అమెరికా వ్యాపారి మద్రాసు గళ్ళ గుడ్డ కొన్నాడు. అది ఉతికితే రంగు దిగుతుందన్న సంగతి అక్కడ బ్రూక్స్ బ్రదర్స్‌లో కొన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. బట్టలు పాడై జనం మండిపడ్డారు. అప్పుడు అమ్మినవాళ్ళు చేసిందేమిటంటే, రంగు దిగుతుందని గ్యారంటీ ఇస్తూ ప్రకటనలు వేశారు. జనం ఎగబడి కొన్నారు. కనీసం వాళ్ళు రాశారు! ఇదంతా మేనేజర్‌కి చెప్పాను. ఆయన వాచీ చూసుకున్నాడు.

నాకు తిక్క రేగింది. మా ఊళ్ళో గుడ్డ కొనేటప్పుడు పెద్దవాళ్ళు చేసే పరీక్షే చేశాను. జేబు రుమాలు సీసా నీళ్ళతో తడిపి, రాక్ మీదున్న అదే రకం కొత్త చొక్కా లోపలి మడత మీద రుద్దాను. రుమాలు నీలం! లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఎత్తి చూపించాను. ఇద్దరు చేతిలో ఉన్న చొక్కాలు అక్కడే పెట్టేశారు. ఇందులో నాకు ఇసుమంత సిగ్గు లేదు.

మేనేజర్ ముఖం మారిపోయింది. "స్టాక్ డ్యామేజ్ చేశారు. దీనికి కూడా బిల్లు వేస్తాం" అన్నాడు. సెక్యూరిటీని పిలిచాడు. వచ్చిన అతను నెల్లూరు వైపు మనిషి. నేను ఫోన్లో మా ఆవిడతో తెలుగులో మాట్లాడటం విన్నాడు కాబోలు, "అన్నా, గొడవొద్దన్నా, బయటికి రా అన్నా" అన్నాడు మెల్లగా. మేనేజర్ అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. దొంగతనం చేసి పట్టుబడ్డవాడిలా, మన భాషవాడే భుజం మీద చెయ్యి వేసి తీసుకెళుతుంటే ఆ గాజు తలుపు దాకా నడవడం ఉందే, చెప్పలేను. తప్పు అతనిది కాదు, జీతం అలాంటిది.

వెళ్ళేముందు మళ్ళీ పిలిచి ఒక ఫారం ఇచ్చారు. చొక్కా వదిలి వెళితే క్వాలిటీ టీమ్‌కి పంపుతారట. కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో 'వినియోగదారుడు ఉతికిన తరువాత రంగు మార్పు గమనించడమైనది' అని ముందే అచ్చేసి ఉంది. అది కొట్టేసి, 'ఉతకలేదు, చెమటకే రంగు దిగింది' అని రాశాకే సంతకం పెట్టాను. ఫోటో తీసుకున్నాను, చొక్కా ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాను. ఈ ఒక్కటీ మాత్రం మరచిపోకండి. ముట్టినట్టు కాగితం లేకుండా వస్తువు చేతికిచ్చారంటే, అది వాళ్ళ గోడౌన్లో పడుంటుంది, మీరు ఇంట్లో కూర్చుని ఏడవాలి.

కొన్నాళ్ళకి మెయిల్ వచ్చింది: 'పరిశీలించాం, తయారీ లోపం లేదు.' అంతే, ఒక్క ముక్క. తిరుప్పూర్‌లో గార్మెంట్ ఎక్స్‌పోర్ట్‌లో పనిచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, పరిశీలించడమంటే ఏం చేశారు? చెమట టెస్టు, రుద్దుడు టెస్టు, ఉతుకుడు టెస్టు వేరువేరుగా ఉంటాయి. ఒక్కోదానికీ 1 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు, 5 అంటే రంగు అసలు అంటలేదని. గ్రేడు ఎంతో అడుగు" అన్నాడు. కారణం కూడా వాడే చెప్పాడు. కాటన్‌కి వాడే రియాక్టివ్ రంగులు నూలుతో బంధం వేసుకుంటాయి. కానీ అంటుకోని రంగు కొంత గుడ్డలోనే మిగులుతుంది. దాన్ని వేడి సబ్బు నీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగి తీసేయాలి. దానికి నీళ్ళు, ఆవిరి, టైము అన్నీ ఖర్చే. నొయ్యల్ నది కాలుష్యం కేసులో 2011లో మద్రాసు హైకోర్టు తిరుప్పూర్ అద్దకం యూనిట్లని మూయించిన తరువాత, వాడిన నీళ్ళు శుద్ధి చేయకుండా బయటికి వదలడానికి లేదు. ఆ ఖర్చు మిగుల్చుకోవాలని ఎవడో కడుగులు తగ్గిస్తే, మిగిలిన రంగు నా పంచెకి వచ్చింది.

గ్రేడు అడుగుతూ మెయిల్ పెట్టాను. జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. 'మీ విలువైన స్పందనకు ధన్యవాదాలు' అని వచ్చింది.

అప్పుడు 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. చెన్నైలో కూర్చుని తెలుగులో మాట్లాడాను, అవతల అమ్మాయి తెలుగులోనే రాసుకుంది. ఇంత దూరం వచ్చాక నా మాట మొదటినుంచి చివరిదాకా విన్న మనిషి ఆమే. వాళ్ళు కోర్టు కాదు, తీర్పు ఇవ్వరు. ఫిర్యాదు నంబరు ఇచ్చి కంపెనీకి పంపుతారు, అంతే. కానీ షోరూము మేనేజర్‌కి లేని భయం హెడ్డాఫీసుకి ఉంటుంది.

ఫిర్యాదులో ఒక ముక్క నేనే చేర్పించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) కింద, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకుండా, డబ్బు ఇవ్వకుండా తిప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ లోపు, లేకపోతే 30 రోజుల లోపు ఇవ్వాలి. మేనేజర్ వెనక గోడ మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని పెద్ద బోర్డు ఉంది. లోపమున్న సరుకు విషయంలో అది గోడకి అందం, అంతే.

హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి తీయగా మాట్లాడింది, క్రెడిట్ నోట్ ఇస్తామంది. అంటే మళ్ళీ ఆ మేనేజర్ దగ్గరికే వెళ్ళి మళ్ళీ అక్కడే కొనాలి. వద్దు, కట్టిన కార్డుకే డబ్బు వేయండి అన్నాను. పాలసీ లేదంది. సరే, ఆన్‌లైన్‌లో కేసు వేసే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వేసుకుంటానన్నాను. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మర్నాటికి పాలసీ వచ్చింది.

డబ్బుతో పాటు ఆ చొక్కా కొన్నప్పుడు ఇచ్చిన లాయల్టీ పాయింట్లు గుర్తుపెట్టుకుని మరీ వెనక్కి లాక్కున్నారు. తీసుకోనీండి.

పంచె డబ్బు మాత్రం 'మా ఉత్పత్తి కాదు' అని ఇవ్వలేదు. దాని బిల్లూ నా దగ్గర ఉంది, నీలం రుమాలూ ఉంది. కమిషన్‌లో వేయడానికి రెండేళ్ళ గడువుంది, మెయిల్ ఇవాళే పెట్టాను. ఈలోగా ఎగ్మూర్ వెళ్ళి రెండు చొక్కా గుడ్డలు తెచ్చుకున్నాను. మా వీధి టైలరు వచ్చే వారం ఇస్తానన్నాడు.