సెర్‌క్వాల్‌లో గ్రేడు కన్నా దాని పక్కన రాసే వాక్యమే ముఖ్యం

ఇంటర్వ్యూల్లాంటి వాటితో చేసిన స్టడీలను ఒకచోట చేర్చే క్వాలిటేటివ్ రివ్యూలకు సెర్‌క్వాల్ (అవి తేల్చినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తూచే పద్ధతి) వేసేటప్పుడు చాలామంది మొదటి మెట్టు దగ్గరే జారతారు. రివ్యూ మొత్తానికి కలిపి ఒకే గ్రేడు ఇచ్చేస్తారు. సెర్‌క్వాల్ తూచేది ఒక్కో ఫైండింగ్‌ని, అంటే రివ్యూ తేల్చిన ఒక్కో విషయాన్ని. ఒకే రివ్యూలో ఒక ఫైండింగ్ మీద నమ్మకం ఎక్కువగా, దాని పక్కదాని మీద అతి తక్కువగా ఉండొచ్చు.

అందుకే ముందు ఫైండింగ్‌ని తూకానికి నిలిచేలా రాసుకోవాలి. 'సామాజిక అంశాలు ప్రభావం చూపాయి' అని రాస్తే అందులో తూచడానికేముంది? నమూనాకి ఇలా అనుకుందాం: 'ఆశా కార్యకర్త తమ ఊరి మనిషే కాబట్టి గర్భిణులు ఆమెతో చనువుగా మాట్లాడతారు, ఊరంతా తెలిసిపోతుందన్న భయంతో గర్భస్రావం సంగతి మాత్రం దాస్తారు.'

ప్రతి ఫైండింగూ 'ఎక్కువ' దగ్గరే మొదలవుతుంది. నాలుగు కోణాల్లో చూసి, లోపం ఉంటే మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ అంటూ దించుతాం.

మొదటిది స్టడీల పద్ధతి. స్టడీ నాణ్యత చూసే కాస్ప్ చెక్‌లిస్టులోని 10 ప్రశ్నలకు మార్కులేసి '7/10' అనేయడం ఇక్కడ మామూలు తప్పు. మార్కులు కాదు, ఆ లోపం ఈ ఫైండింగ్‌ని కదిలిస్తుందా అన్నది చూడాలి. ఎథిక్స్ అనుమతి సంగతి రాయకపోతే మన నమూనాకి వచ్చే నష్టం పెద్దగా లేదు. ఇంటర్వ్యూలు చేసింది ఆశా కార్యకర్తలే అయితే మాత్రం పునాదే కదులుతుంది.

రెండోది పొందిక, అంటే స్టడీల డేటాకీ ఫైండింగ్‌కీ కుదురుతుందా అన్నది. కొన్ని స్టడీల్లో గర్భిణులు ఏదీ దాచలేదనుకోండి. వాటిని పక్కన పెట్టి వాక్యాన్ని నునుపు చేయాలనిపిస్తుంది. అలా చేయకుండా తేడా ఎందుకొచ్చిందో వెతికి, ఫైండింగ్‌నే తిరగరాయాలి. కారణం దొరక్కపోతే గ్రేడు దించాలి.

మూడోది డేటా చాలినంత ఉందా అన్నది. ఇన్ని స్టడీలుండాలన్న లెక్కేదీ లేదు. ఏం జరుగుతుందో చెప్పే మామూలు ఫైండింగ్‌కి పలచని, అంటే పైపైన చెప్పే డేటా సరిపోవచ్చు. 'భయంతో దాస్తారు' అని కారణం చెబుతున్నామంటే చిక్కని, అంటే లోతుగా వివరించే డేటా కావాలి.

నాలుగోది సంబంధం. స్టడీలు జరిగిన నేపథ్యాన్ని రివ్యూ ప్రశ్నతో పోల్చి చూడాలి, చదివేవాళ్ల జిల్లాతో కాదు. ప్రశ్న అల్పాదాయ దేశాలన్నిటి గురించి అయి, స్టడీలన్నీ ఒక్క దేశానివే అయితే సంబంధం పాక్షికం.

నాలుగూ చూశాక కూడికలు, తీసివేతలు వద్దు. ఇద్దరు విడివిడిగా తూచి, తర్వాత కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకే లోపానికి రెండు కోణాల్లో శిక్ష పడిందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. డేటా పలచబడింది విశ్లేషణ సరిగా లేకపోవడం వల్లే అయినప్పుడు ఇది తరచూ జరుగుతుంది.

ఇంకో మాట: 'ఎక్కువ నమ్మకం' అంటే ఎక్కువమంది అలా చేస్తారని అర్థం కాదు. జరుగుతున్నదానికి ఈ ఫైండింగ్ చాలావరకు సరైన రూపమే అయ్యుంటుందని మాత్రమే.

పట్టికలో ఉత్త 'మధ్యస్థం' అని వదిలేస్తే రివ్యూని చూసి మార్గదర్శకాలు రాసే కమిటీకి ఏమీ తెలియదు. ఇలా రాయాలి: 'మధ్యస్థం. 9 స్టడీల్లో 4 చోట్ల ఇంటర్వ్యూ చేసింది ఆశా కార్యకర్తలే కావడం వల్ల, దాచడానికి కారణమేంటన్న భాగం మీద సందేహం ఉంది. చనువు గురించిన భాగం మీద లేదు.' ఈ వాక్యం చూశాక ఆ ఫైండింగ్‌ని రెండుగా విడగొట్టాలనిపిస్తే, విడగొట్టి మళ్లీ తూచండి.