‘నీడ’ పాటలో ఆగని ‘స’

మా ‘నీడ’ పాట విన్న మన బడివాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: గిటార్ కంటే ముందు మొదలై చివరిదాకా సాగే ఆ నాదం ఏ కీబోర్డుది? అది కీబోర్డు కాదు. ప్రార్థనలో రోజూ మనం విన్న బడి హార్మోనియం.

రాక్ సంగీతం మా బ్యాచ్‌కి ఒక పాత క్యాసెట్ నుంచి అంటుకుంది. ఐర్లండ్ బృందం యూటూ 1987లో తెచ్చిన ‘ద జాషువా ట్రీ’ ఆల్బమ్ అది. వాళ్లూ బడి స్నేహితులే. 1976లో డబ్లిన్‌లోని మౌంట్ టెంపుల్ స్కూల్ నోటీసు బోర్డు మీద 14 ఏళ్ల లారీ ముల్లెన్ పెట్టిన కాగితంతో ఆ బ్యాండ్ మొదలైంది. నల్లగొండలో చదువుకునే మాకు ఆ సంగతి కొండంత ధైర్యం.

ఆ క్యాసెట్‌లో ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాట మమ్మల్ని పట్టేసింది. పాట పొడుగునా తిరిగేవి నాలుగే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు): డి, ఎ, బి మైనర్, జి. ఎంత తిప్పలుపడ్డా కుదరక, వాళ్లు దాన్ని వదిలేసేదాకా వచ్చారు. అప్పుడు కెనడా సంగీతకారుడు మైఖేల్ బ్రూక్ తయారుచేసిన ‘ఇన్ఫినిట్ గిటార్’ యూటూ గిటారిస్టు ఎడ్జ్ చేతికొచ్చింది. మామూలు గిటార్‌లో తీగ మీటాక స్వరం కాసేపటికి సన్నగిల్లుతుంది. ఇందులో తీగ కంపనాన్నే కరెంటు ద్వారా మళ్లీ తీగకు అందిస్తారు కాబట్టి, వాయించేవాడు చాలనేదాకా స్వరం నిలబడుతుంది. ఆ పాటకు ప్రాణం అక్కడే వచ్చిందని నా నమ్మకం.

మాకు అలాంటి గిటార్ ఎక్కడిది? హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న మావాడి సెకండ్ హ్యాండ్ గిటార్, స్వరాన్ని ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే ఒక డిలే పెడల్, ఒక మైకు, ఒక లాప్‌టాప్. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి హాల్లో కూర్చున్నాం. మాట అందుకునేలోపే స్వరం చచ్చిపోతోంది. అందరికీ టెన్షన్. చూడ్డానికొచ్చిన సంగీతం సార్, “మీకు కావాల్సింది శ్రుతే గదరా, హార్మోనియం తీయండి” అన్నారు.

సార్ కుడిచేత్తో ‘స’, ‘ప’ నొక్కిపట్టి, ఎడమచేత్తో తిత్తి ఆడించారు. తిత్తి కిర్రుమనే చప్పుడు కూడా మైకులో పడింది. తీసేద్దామని కొందరన్నా ఉంచేశాం, అందులో మన బడి వినిపిస్తుంది. గిటార్‌వాడు వాల్యూమ్ నాబ్ సున్నాలో పెట్టి తీగ మీటి, చిటికెన వేలితో మెల్లగా పెంచాడు. మీటిన దెబ్బ వినపడదు, స్వరం మాత్రం పొగమంచులా లేస్తుంది.

పాటకు విషయం నల్లగొండ పక్కనున్న పానగల్లు ఇచ్చింది. ఛాయా సోమేశ్వరాలయానికి పిక్నిక్ వెళ్లింది గుర్తుందా? మూడు గర్భగుడుల్లో ఒకదానిలో లింగం వెనుక పడే స్తంభపు నీడ, సూర్యుడు ఎటు తిరిగినా పగలంతా అక్కడే ఉంటుంది. ఎండ నేరుగా పడక, ముందరి స్తంభాల నడుమ పలు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుతురు చేసే పని అది. కదలని నీడ మీద రాసిన పాటకు శ్రుతి కదలకూడదు, బేస్ (అడుగున మోగే మంద్ర స్వరం) కూడా మారకూడదని నేను పట్టుబట్టాను. చివర్లో సోలో కావాలని మావాడు గట్టిగానే వాదించాడు. వినివిని చివరికి తనే వద్దన్నాడు.

మన బడి పాత విద్యార్థుల ఈ కలయికలో పాట పూర్తిగా వాయిస్తాం. హార్మోనియం రీడ్లు బాగుచేయించే పని మా బ్యాచ్ తీసుకుంది. సార్ వస్తానన్నారు. ఆ ‘స’ మళ్లీ ఆయనే పట్టాలని మా అందరి కోరిక.