గ్రహణాన్ని గోడ మీదికి తెచ్చే అద్దం

ఒడిశాలో బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో పెరిగే తెలుగు పిల్లలకు గ్రహణం రెండు పేర్లతో వస్తుంది. బడిలో సూర్యపరాగ, ఇంట్లో సూర్యగ్రహణం. తెలుగులో పరాగం అంటే పుప్పొడి కాబట్టి పిల్లలకు నవ్వొస్తుంది. గ్రహణానికి ఉపరాగం అనే పాత మాట ఉందనీ, ఒడియా మాట దాని చుట్టమేననీ అప్పుడే చెప్పేయాలి. ఆచారాలకు ఆ పరిచయం కూడా అక్కర్లేదు. మన ఊరగాయ జాడీ మీద దర్భ, పక్క ఒడియా ఇంట్లో తులసాకు. 2022 అక్టోబరు 25 గ్రహణానికి ఒడిశా ప్రభుత్వం సెలవే ఇచ్చింది. అంటే పిల్లలు ఇంట్లోనే ఉంటారు, చూస్తామని ప్రాణం తీస్తారు.

దర్భ గురించి నాన్నమ్మతో గొడవ పడనక్కర్లేదు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కడుపుతో ఉన్న మనిషికి తిండీ నీళ్ళూ ఆపడం దగ్గర మాత్రం గట్టిగా నిలబడాలి. బిడ్డ పై పెదవి కలిసేది తొలి రెండు నెలల్లోనే. గ్రహణం మొర్రికి గ్రహణంతో పేరు తప్ప మరే సంబంధమూ లేదు.

అసలు ప్రమాదం సగం ధైర్యంతో వస్తుంది. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో సూర్యుణ్ణి చూడమనడం రెండు వైపులా ఉంది. ఎత్తున ఉన్న సూర్యుడి వెలుగులో నీళ్ళు సుమారు యాభయ్యో వంతు తిప్పికొడతాయి, పొద్దు వాలేకొద్దీ ఇంకా ఎక్కువ. కంటికి ముప్పై వేలలో ఒక వంతు కూడా చేరకూడదు. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు, సీడీ కూడా అంతే. కంటి వెనకపొరకు నొప్పి తెలియదు. దెబ్బ తగిలిన సంగతి కొన్ని గంటలయ్యాక, చూపు మధ్యలో మచ్చ కనబడినప్పుడు తెలుస్తుంది.

ఇల్లు కదలకుండా చూసే దారి ఒకటుంది. చేతి అద్దం మీద దళసరి కాగితం అతికించి, నడుమ 5 మిల్లీమీటర్ల చిల్లు ఉంచండి. ఎండ పడే అరుగు మీద గిన్నె నిండా బియ్యం పోసి, అద్దాన్ని అందులో గుచ్చి నిలబెట్టండి. వెలుగును తలుపులోంచి లోపలి గోడ మీదికి తిప్పాలి. గోడ 5 మీటర్ల దూరంలో ఉంటే సూర్యబింబం సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు, 10 మీటర్లయితే 9 సెంటీమీటర్లు (దూరాన్ని 109తో భాగిస్తే చాలు). సున్నం గోడ గరుకుగా ఉంటే తెల్లకాగితం అంటించండి. కిటికీలు మూసి గది చీకటి చేయకపోతే బింబం పాలిపోయి కనబడుతుంది, ఎక్కువమంది విసుగెత్తి వదిలేసేది ఇక్కడే. బింబం రెండు నిమిషాలకు తన వెడల్పంత జరిగిపోతుంది కాబట్టి అద్దం దగ్గర ఒక పెద్దమనిషి ఉండాలి. అద్దంలోకి ఎవరూ తొంగిచూడకుండా కాపలా కూడా ఆయనదే. ముందురోజు అదే వేళకు ఒకసారి పెట్టి చూసుకోండి. సాయంత్రపు గ్రహణమైతే ఎదురింటి డాబా అడ్డొస్తుందో లేదో అప్పుడే తేలిపోతుంది. గుమ్మం దాటనన్న నాన్నమ్మా, కడుపుతో ఉన్న పిన్నీ కూడా కుర్చీలో కూర్చుని చూస్తారు.

చెప్పుల పెట్టెకు సూది చిల్లు పెట్టే పద్ధతి బడిలో నేర్పుతారు. పెట్టె 30 సెంటీమీటర్లే కాబట్టి బింబం 3 మిల్లీమీటర్లు దాటదు. అది పెద్దదిగా కనబడాలని చిల్లు పెంచితే అలుక్కుపోతుంది. పెట్టె పొడవు పెంచాలి. చిల్లులోంచి సూర్యుణ్ణి చూడకూడదని, వీపు సూర్యుడికి పెట్టాలని పదిసార్లు చెప్పాలి.

గ్రహణం కళ్ళజోడు కొంటే ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే జోళ్ళకున్న అంతర్జాతీయ ప్రమాణం) గుర్తు చూడండి. పెట్టుకుంటే ఇంట్లో మామూలు వస్తువేదీ కనబడకూడదు, బయట సూర్యుడొక్కడే కనబడాలి. గీత పడితే పారేయండి. వెల్డింగు షాపులో దొరికే 10, 11 నంబరు గాజులు చాలవు, 14 కావాలి.

సంపూర్ణ గ్రహణం వేరు. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కాసిన్ని నిమిషాలే వట్టి కంటితో చూడొచ్చు. వజ్రపుటుంగరంలా అంచు మెరిసీ మెరవగానే జోడు మళ్ళీ ఎక్కాలి. 1868 ఆగస్టు 18న అది చూడ్డానికే ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు దాకా వచ్చాడు. ఒడియా వైపు చెప్పుకోవడానికి పఠాణి సామంత ఉన్నాడు, వెదురుతో చేసిన పనిముట్లతో ఆకాశాన్ని కొలిచిన మనిషి. 1980 ఫిబ్రవరి 16 నీడ నల్గొండ మీదుగా పూరీ వైపు సాగింది. ఇక 2034 మార్చి 20 సంపూర్ణ గ్రహణానికి కార్గిల్ వైపు వెళ్ళాలి. 2031 మే 21న కేరళ, తమిళనాడుల్లో కనబడేది వలయ గ్రహణం (సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలేది), మనకు పాక్షికం. ఆ రోజు జోడు ఒక్క క్షణం కూడా తీయకూడదు.

పట్టు, విడుపు వేళలు పంచాంగంలో ఒకటి, ఒడియా పాంజిలో ఒకటి ఉన్నాయని ఇంట్లో తగవు వస్తుంది. రెండూ వేరే వేరే ఊళ్ళకు గుణించినవి కావచ్చు. మీ ఊరి వేళే చూసుకోండి.

రోకలి సంగతి మిగిలింది. నీళ్ళ పళ్ళెంలో గ్రహణం వేళ తనంత తానే నిలబడుతుందంటారు. పిల్లల ముందు నాన్నమ్మ చేతనే వారం ముందు ఒకసారి, పట్టు వేళ ఒకసారి పెట్టించండి. అడుగు సమంగా ఉన్న రోకలయితే రెండుసార్లూ నిలబడుతుంది.