తీసివేత 0.016

పదకొండున్నర దాటింది. ఉంగరం వేలికి లేదు. కంప్యూటర్ పక్కన, నగల కొట్టువాళ్ళు ఇచ్చిన చీటీ మీద పెట్టాను, ఫ్యాను గాలికి ఎగరకుండా. ఆ చీటీలో ఒకే ఒక్క వరుస సాయంత్రం నుంచి నా బుర్ర తొలిచేస్తోంది. మొత్తం బరువు 2.840 గ్రాములు. రాయి తీసివేత 0.016. నికరం 2.824.

తీసివేత అట.

ముందే ఒప్పుకుంటాను, ఉంగరంలోని వజ్రం రాయి మార్పించాలన్న బుద్ధి పుట్టింది నాకే. ఆయనకు ఈ గొడవలేమీ పట్టవు. నా వేలికి ఉన్నది ఉంగరమో బొంగరమో కూడా చూడరని మీకు తెలిసిందే. మొన్న మేనకోడలి ప్రధానంలో తాంబూలం పళ్ళెం పట్టుకున్నప్పుడు నా చేతి పక్కనే మా తోటికోడలి చేయి. ఆవిడ రాయి కందిగింజంత ఉంది. హాల్లో లైట్లన్నీ దానికోసమే వెలిగించినట్టు మెరిసిపోయింది. తరవాత ఫోటోలు చూస్తే నా వేలికి ఉన్నది ఉత్త బంగారు తీగ. రాయి ఉన్న ఆనవాలే లేదు. వారం రోజులు నోరు మెదపలేదు. ఎనిమిదో రోజు పప్పు తాలింపు వేస్తూ, "ఇరవయ్యారేళ్ళయింది కదండీ, ఆ రాయి మార్పిద్దామా?" అన్నాను.

"ఏ రాయి?" అన్నారు.

అలా ఇవాళ ఆదివారం మధ్యాహ్నం పంజాగుట్ట వైపు బయలుదేరాం. కొట్టు పేరు ఎందుకులెండి. అక్కడ కూర్చోబెట్టిన కుర్రవాడు మా పెద్దదాని ఈడు వాడు. చల్లని బాదంపాలు తెప్పించాడు. తెప్పించి, "బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు సార్?" అని ఆయనను అడిగాడు. వేలు నాది, కోరిక నాది, దాచిన డబ్బులో సగం నాది. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పాను. ఆ కుర్రవాడు దానికి జవాబు మళ్ళీ ఆయనకే చెప్పాడు. గంటన్నర సేపూ అదే వరస. అడిగేది నేను, జవాబు అందుకునేది ఆయన. మధ్యలో ఆయన దుబాసీలా కూర్చుని "విన్నావు కదా" అన్నట్టు నాకేసి తల ఊపుతారు. విన్నాను. చెవులు బాగానే ఉన్నాయి.

పాఠం మాత్రం బాగానే చెప్పాడు. రంగు డి నుంచి జెడ్ దాకా ఉంటుందట. డి అంటే నీటిచుక్క, కిందికి దిగేకొద్దీ పసుపు. "మరి ఏ, బీ, సీ ఏమయ్యాయి?" అన్నాను. అతనికి తెలియదు. ఇంటికి వచ్చాక చూశాను. పూర్వం ఒక్కో వ్యాపారి తన ఇష్టం వచ్చినట్టు ఏ అని, డబుల్ ఏ అని పిలుచుకునేవాడట. ఆ గందరగోళంతో పొత్తు లేకుండా ఉండాలని అమెరికాలో వజ్రాలను పరీక్షించే సంస్థ జీఐఏ వాళ్ళు కొత్త లెక్క డి నుంచి మొదలుపెట్టారట. ఆ మాత్రం నేర్చుకోకుండా లక్షల సరుకు అమ్ముతున్నాడు. మనవాళ్ళు వస్తూనే "ఈఎఫ్ వీవీఎస్" అని ఒక్క ఊపిరిలో అడుగుతారట, అదేదో కాఫీకి డికాక్షన్ పాళ్ళు చెప్పినట్టు. ఈఎఫ్ అంటే రంగు, వీవీఎస్ అంటే శుభ్రత. వీవీఎస్ రాయిలో మచ్చ పదింతలు చేసి చూపే భూతద్దంలో కూడా ఒక పట్టాన దొరకదు. భూతద్దం తెచ్చుకుని మరీ నా వేలు చూసే చుట్టం ఎవరు? (ఒకరున్నారు. సరే.)

ఇంకో కిటుకు కూడా చెప్పాడు, ఇది నచ్చింది. యాభై సెంట్లు, అంటే అర క్యారట్ దాటగానే రేటు ఒక్క గెంతు గెంతుతుందట. 48 సెంట్ల రాయి తీసుకుంటే కంటికి తేడా తెలియదు, జేబుకు తెలుస్తుంది. అలాంటి రాయి ఒకటి చిన్న శ్రావణంతో పట్టి, నా రెండు వేళ్ళ సందులో పెట్టాడు. లోపలి దీపాల కింద గాజుపెంకు కూడా వజ్రమే అని మా నాన్న అనేవారు. అందుకని లేచి గాజు తలుపు దగ్గరికి నడిచాను. కాపలా మనిషి నా వెనకే రెండడుగులు వేశాడు. బయట మబ్బు పట్టి ఉంది. ఆ మసక వెలుగులో చేయి అటూ ఇటూ తిప్పాను. అబద్ధమెందుకు, ఆ రెండు నిమిషాలు చాలా బాగున్నాయి.

వెనక్కి వచ్చి కూర్చున్నాక, "పాతది మార్పిడికి ఇస్తారా సార్?" అన్నాడు. (సార్!)

పాతది వేలు దిగలేదు. కణుపు దగ్గర భీష్మించుకుని కూర్చుంది. వాళ్ళ స్నానాలగదికి వెళ్ళి సబ్బు రాసి, తిప్పి, పళ్ళు బిగబట్టి లాగితే వచ్చింది, వేలు కందిపోయాక. దాని చోట తెల్లటి గాడి. ఉంగరాన్ని మొదట యంత్రంలో పెట్టారు. బంగారం 86 శాతం చిల్లర అని తేలింది. "ఇరవై రెండు క్యారట్లు కాదు సార్, టంకం ఎక్కువ పడింది." పడే ఉంటుంది. అది 1999 నాటిది. మన దేశంలో నగలకు హాల్‌మార్కు మొదలైందే 2000లో. అప్పుడు పది గ్రాములు నాలుగు వేల చిల్లర, మా మామగారు అదే ఎక్కువని గింజుకున్నారు. ఇప్పుడు లక్ష దాటింది.

తరవాత భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. కాసేపు చూసి, "పాత కోత" అన్నాడు. నేనూ చూస్తానన్నాను. ఇన్నేళ్ళలో దాని మొహం చూడటం ఇదే మొదలు. ఇప్పటి రాళ్ళకు అడుగున సూదిమొన ఉంటుంది. దీనికి మొన కోసేసి ఉంది. పైనుంచి చూస్తే నట్టనడుమ చిన్న గుండ్రటి కిటికీలా కనబడింది. కిటికీ పక్కన ఒక నల్లచుక్క, మిరియప్పొడి రవ్వంత.

"సర్టిఫికెట్ ఉందా?"

లేదు.

"బిల్లు?"

లేదు.

"అయితే రాయికి మేము విలువ కట్టలేమండి. సుమారు ఎనిమిది సెంట్లు ఉంటుంది, ఆ బరువు తీసేసి బంగారానికి ఇస్తాం."

సెంటుకు రెండు మిల్లీగ్రాములు. ఎనిమిది సెంట్లంటే పదహారు. కొనేటప్పుడు బంగారాన్ని మించిన రేటు పలికే వస్తువు, ఇచ్చేటప్పుడు బంగారంలో కలిసిన మట్టి. మొన్న మొన్నటి దాకా తరుగు పేరుతో లేని బంగారానికి నా దగ్గర డబ్బు పుచ్చుకున్న ఈ లోకమే, ఇవాళ ఉన్న రాయిని లేదంటోంది. ఆయన తరుగు మీద, మజూరి మీద బేరం ఆడుతూనే ఉన్నారు. నేను లేచి వచ్చేశాను. కారు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. "అసలు నీకు ఆ రాయి అంటే పడదు కదా?" అన్నారు ఆయన, సిగ్నల్ దగ్గర. ఎప్పుడూ ఏమీ గమనించని మనిషి, గమనించకూడనిది మాత్రం గమనిస్తారు.

ఆ రాయి సంగతి మీకు ఎప్పుడూ రాయలేదు. మా అత్తగారి గురించి ఇన్ని రాశాను కానీ ఇది దాటేశాను.

ఆవిడకు ఏడేసి రాళ్ళ కమ్మలు ఉండేవి, వాళ్ళ అమ్మమ్మ నాటివి. ఆవిడ పుట్టిల్లు సత్తెనపల్లి దగ్గర. అందుకని అవి కొల్లూరు రాళ్ళేనని పట్టు. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు, కృష్ణ ఒడ్డున. "మీ అమ్మమ్మ కాలానికి ఆ గనులు ఉంటేగా?" అని ఈయన ఆటపట్టిస్తే, "నువ్వు చూశావా?" అనేవారు. ఇప్పుడు వెళ్ళి అడగడానికి కూడా లేదు, పులిచింతల నీళ్ళ కింద ఉంది ఆ ఊరు.

ఒక ఎండాకాలం రాత్రి ఆరుబయట నవ్వారు మంచం మీద పడుకుని తెల్లవారి లేచేసరికి ఎడమ కమ్మలో ఒక రాయి లేదట. వాకిలి మట్టి జల్లెడ పట్టారు. ఊడ్చిన చెత్త, కుడితి గోలెం, బావి చుట్టూ ఉన్న బురద, అన్నీ వెతికారు. దొరకలేదు. ఆ పొద్దున వాకిలి ఊడ్చింది పనిచేసే ఆమె. ఆమె కొంగు విప్పించి దులిపించారు. అత్తగారి మాట యథాతథంగా: "దులిపించారు." ఎవరు దులిపించారో చెప్పలేదు. ఆమె చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదు. కమ్మలో కొత్త రాయి పొదిగించారు. మరుసటి ఏడు ఉతకడానికి నవ్వారు విప్పుతుంటే, అల్లిక మడతలోంచి ఏదో జారి గచ్చు మీద టిక్కుమంది.

"పదిహేను రాళ్ళు, రెండు చెవులు" అన్నారు అత్తగారు. ఇదంతా నాకు ఆవకాయ పెట్టే రోజున, మామిడికాయలు తుడుస్తూ చెప్పారు. పెళ్ళయిన ఆరేళ్ళకు. ఆ పదిహేనో రాయిని పసుపు గుడ్డలో మూటకట్టి, బీరువాలో ఏళ్ళ తరబడి ఉంచి, చివరకు కొడుకు ప్రధానానికి కోడలి ఉంగరంలో పెట్టించారు.

ప్రధానం నాడే మా పిన్ని చెవిలో వేసింది, "మిగిలిపోయిన రాయి పెట్టారటే" అని. అప్పటినుంచి ఆరేళ్ళు నా ఏడుపు అదే, మిగిలిపోయిన రాయి. ఆవకాయ రోజున ఇంకో ఏడుపు మొదలైంది. వజ్రం అచ్చిరావాలంటారు కదా. మా అమ్మ ముక్కుపుడక రాయిని మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని, పీడకల రాలేదని రూఢి అయ్యాకే డబ్బు కట్టింది. మరి తన చెవికి పెట్టుకోవడానికి మనసొప్పనిది నా వేలికి ఎలా అచ్చివస్తుందనుకున్నారు ఈవిడ? ఆ మాట అడగలేకపోయాను. "ఆమెకు కబురు చేశారా అత్తయ్యా?" అని మాత్రం అడిగాను.

"వాళ్ళు ఊరు మారిపోయారు" అన్నారు. ఇంకో నాలుగు కాయలు తుడిచాక, "చేయలేదు" అన్నారు.

ఇక్కడి దాకా రాసి లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఆ కొట్టును కడిగేద్దామనే రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు చూస్తే ఆ కుర్రవాడి తప్పు పెద్దగా కనబడటం లేదు. బిల్లు లేదు, కాగితం లేదు, నల్లచుక్క ఉంది. ఎనిమిది సెంట్ల పాత రాయికి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెప్పిస్తే ఆ ఖర్చుకే రాయి సరిపోతుందేమో. పక్కన చిన్న రాయిగా దీన్నే పొదగమంటే, "కొత్తదాని పక్కన పచ్చగా కనబడుతుందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట నా మొహం చూసి చెప్పాడు, ఒప్పుకోవాలి.

మా పెద్దమ్మాయి ఫోనులో ఇంకో మెలిక పెట్టింది. "ల్యాబ్‌ది తీసుకో అమ్మా. నేల కిందిదైనా సూరత్ యంత్రంలోదైనా అదే కర్బనం, అదే గట్టిదనం." 2023లో మోదీ అమెరికా వెళ్ళినప్పుడు జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారట్ల వజ్రం కూడా ల్యాబ్‌దేనని గుర్తుచేసింది. దారిలో ఇంకో కొట్టులో అడిగాం కూడా. అదే సైజుకు ధర నాలుగో వంతు లేదు. "ఏటేటా వాటి రేటు పడిపోతోంది, తిరిగి అమ్మితే ఏమీ రాదు" అన్నారు ఆయన. నేను మాట్లాడకుండా ఈ చీటీ చూపించాను. ఊరుకున్నారు.

అయినా నాకు ఆ యంత్రం రాయి మీద మనసు పోతోంది, డబ్బు కోసం కాదు. దానికోసం ఎవరి కొంగూ దులిపించి ఉండరు. మళ్ళీ మరుక్షణం తోటికోడలు గుర్తొస్తుంది. "ల్యాబ్‌దా? బాగుందే" అంటుంది, ఆ 'బాగుందే' ఎలా అంటుందో నాకు ఇప్పుడే వినబడుతోంది. 48 సెంట్లది శనివారం దాకా పక్కన పెడతానన్నాడు కుర్రవాడు. వెళ్తానా? వెళ్తాననే అనుకుంటున్నాను. రాత్రి పూట అనుకున్నవి కదా, చూడాలి.

ఇదే ఊళ్ళో ఏడో నిజాం 184.75 క్యారట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుకు పెట్టుకున్నాడట. నా ఉంగరం ఆ పనికి కూడా చాలడం లేదు. ఇందాక ఉక్కపోతకు ఫ్యాను ఒక మెట్టు పెంచితే, చీటీ దాన్ని కూడా ఈడ్చుకుంటూ కీబోర్డు దాకా వచ్చింది.

కొబ్బరినూనె రాసి వేలికి తొడగబోయాను. కణుపు దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఇంకా ఎర్రగానే ఉంది. చిటికెన వేలికి పెట్టి చూశాను, పట్టింది, కానీ కాస్త వదులు. పొద్దున్నే లేచి వెనకవైపు నాలుగు చుట్లు దారం చుట్టాలి. లేకపోతే రాత్రి దొర్లేటప్పుడు పరుపు సందులోకి జారిపోతుంది.